అందరూ క్లాసిక్ అంటున్నారు, నేను మధ్యలో లేచి వచ్చేశాను

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మొన్న శనివారం రాత్రి మావారు పట్టుబట్టి ‘టాక్సీ డ్రైవర్’ అనే పాత ఇంగ్లీషు సినిమా పెట్టారు. పన్నెండేళ్ల పిల్లని ఆ గదిలో చూపించే దగ్గర నాకు కడుపులో తిప్పింది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ‘ప్రపంచమంతా మెచ్చుకున్న సినిమా, నీకు చూడటం రాదు’ అన్నారాయన. అంతకంటే నన్ను కలవరపెడుతున్నది మా మరిది. పాతికేళ్లవాడు, మాతోనే ఉంటాడు, గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. ఆ సినిమా ఇప్పటికి నాలుగుసార్లు చూశాడు. రెండువైపులా గొరిగి నడినెత్తిన జుట్టు ఉంచుకున్న ఆ హీరో బొమ్మే ఫోన్‌లో వాల్‌పేపర్. ‘వాడొక్కడే వదినా మగాడు, ఊరంతా కుళ్లిపోయింది’ అంటాడు. ఈమధ్య ఎవరో అమ్మాయి కాదన్నదని విన్నాను. నాకు నిజంగానే సినిమాలు అర్థం కావా? ఈ పిల్లాడి గురించి నేను భయపడాలా?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మీవారి మాట సంగతి తేల్చేద్దాం. 1976లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో ఈ సినిమా వేసినప్పుడు చప్పట్లే కాదు, గేలి చేసిన అరుపులు కూడా వినబడ్డాయి. ఆ ఏడు జ్యూరీకి పెద్ద ఎవరనుకున్నారు? అమెరికన్ నాటక రచయిత టెనెసీ విలియమ్స్. తెరమీద ఇంత నెత్తురు పారించడం తనకు గిట్టదని బాహాటంగానే చెప్పాడు. చివరికి ఆ జ్యూరీయే దీనికి పెద్ద బహుమతి, పామ్ డోర్, ఇచ్చింది. ఆస్కార్‌కి వచ్చేసరికి నాలుగు నామినేషన్లు వచ్చాయి గానీ ఒక్కటీ చేతికి రాలేదు. ఉత్తమ చిత్రం ‘రాకీ’ పట్టుకుపోయింది. మీ హాల్లో శనివారం జరిగిన గొడవ పెద్దపెద్దవాళ్ల మధ్య మొదలై యాభై ఏళ్లు కావస్తోంది. మీరు వంటింట్లోకి వెళ్లడం కూడా అందులో ఒక పక్షమే. ఆయనకి ఆ మాట నా పేరు చెప్పి చదివి వినిపించండి.

చూడనివాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. (దేవానంద్ 1954 నాటి ‘టాక్సీ డ్రైవర్’ వేరు. అందులో పాటలుంటాయి.) ట్రావిస్ బికిల్‌కి ఇరవయ్యారేళ్లు, మెరైన్ దళం నుంచి బయటికొచ్చినవాడు. నిద్ర పట్టదు. ఎలాగూ పట్టనప్పుడు డబ్బులైనా వస్తాయని న్యూయార్క్‌లో రాత్రిపూట టాక్సీ తోలతాడు, సాయంత్రం ఆరు నుంచి తెల్లారి ఆరు దాకా. ఎన్నికల ప్రచార కార్యాలయంలో పనిచేసే బెట్సీ అనే అమ్మాయి మీద మనసు పడి, ఆమెను తీసుకెళ్లి తీసుకెళ్లి బూతు సినిమాకి తీసుకెళతాడు. ఆమె ఛీ కొట్టి వెళ్లిపోతుంది. తుపాకులు కొంటాడు. ఆమె పనిచేస్తున్న నాయకుణ్ణి చంపబోయి, కాపలావాళ్ల కంట పడి పారిపోతాడు. అదే రోజు వెళ్లి, ఐరిస్ అనే చిన్నపిల్లతో వ్యాపారం చేయిస్తున్న తార్పుడుగాణ్ణి, అక్కడున్న మరో ఇద్దరినీ కాల్చేస్తాడు. పత్రికలు వీరుడని రాస్తాయి.

మార్టిన్ స్కోర్సేసీ తీశాడు, పాల్ ష్రేడర్ రాశాడు, రాబర్ట్ డి నీరో వేశాడు. సినిమా తీసింది 1975 వేసవిలో, అసలు న్యూయార్క్ వీధుల్లోనే. ఆ ఏడు ఆ నగరం దివాలా అంచున ఉంది. చెత్త ఎత్తేవాళ్లు పనికి రాక వీధుల్లో కుప్పలు పేరుకుపోయిన కాలం. మీ మరిది ‘కుళ్లిపోయింది’ అంటున్న ఊరు ఒకప్పుడు నిజంగానే అలా ఉండేది, సెట్టింగు కాదు. కానీ ఒక్క సంగతి అతను గమనించాడో లేదో. ఉద్యోగం అడిగేటప్పుడు ఎప్పుడైనా, ఎక్కడికైనా వెళతానని ట్రావిస్ చెబుతాడు. అంత పెద్ద ఊళ్లో ఎక్కడికైనా వెళ్లగలిగినవాడికి రోజూ కనబడేది మాత్రం ఆ నాలుగు వీధుల మురికే. ఖాళీ దొరికితే వెళ్లి కూర్చునేదీ బూతు సినిమా హాల్లోనే. రోత అంటూనే టికెట్ కొంటాడు. ఊరు చెడ్డదా, చూపు చెడ్డదా అన్నది సినిమా తేల్చి చెప్పదు. తడి అద్దం మీద పాకే ఎరుపు, పచ్చ దీపాలు, మ్యాన్‌హోళ్ల లోంచి లేచే ఆవిరి, కిందనుంచి ఉరుముతున్న డ్రమ్ము, దానిమీద జాలిగా సాక్సోఫోన్. ఆ సంగీతం బెర్నార్డ్ హెర్మన్‌ది. రికార్డింగు ముగించిన రాత్రే, 1975 డిసెంబర్ 24 తెల్లవారుజామున, ఆయన నిద్రలో పోయాడు. సినిమా ఆయనకే అంకితం. ఇవన్నీ కలిసి మనల్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టేస్తాయి. మనం చూసేదంతా అతని కళ్లతోనే.

చిక్కంతా అక్కడే. ఆ కళ్లు సినిమావే అనుకున్నవాళ్లు రెండు రకాలు: మీ మరిదిలా చప్పట్లు కొట్టేవాళ్లు, ఇదేం పాడు సినిమా అని లేచి వెళ్లేవాళ్లు. ఆ కళ్లు ఒక రోగివి, వాటి వెనక నిలబడి దర్శకుడు మనకి రోగాన్ని చూపిస్తున్నాడు అనుకున్నవాళ్లు క్లాసిక్ అంటారు. నేను మూడో గుంపులోవాణ్ణి. కానీ మొదటి గుంపులో కూడా చాలాకాలం ఉన్నాను, ఆ ముచ్చట తర్వాత చెబుతాను.

మీరు లేచి వెళ్లిన చోటు గురించి. ఐరిస్‌గా వేసిన జోడీ ఫాస్టర్‌కి అప్పటికి నిజంగానే పన్నెండేళ్లు. ఆ పాత్ర వేయనిచ్చేముందు అధికారులు ఆమెకు మానసిక పరీక్షలు చేయించారు. మరీ ఇబ్బందికరమైన షాట్లలో ఆమె బదులు ఆమె అక్క కోనీ ఫాస్టర్‌ని నిలబెట్టారు. అయినా ఒక పిల్లని అలా తెరమీద నిలబెట్టవచ్చా అన్న ప్రశ్న మీ ఒక్కరిదే కాదు, అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. కళ కోసం అన్నంతమాత్రాన ఆ ప్రశ్న కొట్టుకుపోదు. నల్లవాళ్లను ట్రావిస్ చూసే చూపు మీదా ఇలాంటి తగువే ఉంది. ష్రేడర్ మొదట రాసిన ప్రతిలో ఆ తార్పుడుగాడు నల్లవాడు. సినిమా హాళ్లలో మంట పెట్టినట్టవుతుందని తెల్లవాడిగా మార్చి హార్వీ కైటెల్‌కి ఇచ్చారు. మార్చినా, టీ దుకాణంలో నల్లవాళ్ల వైపు ట్రావిస్ చూసే చూపు అలాగే ఉంది. అది జాతి ద్వేషాన్ని చూపించడమా, పోషించడమా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నా మట్టుకు నాకు చూపించడమే అనిపిస్తుంది. కాకపోతే ఆ చూపు తగిలే వైపు కూర్చున్న ప్రేక్షకుడికి ఈ తేడా నేను విడమరచి చెప్పబోవడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది.

మీరు లేచి వెళ్లడం వల్ల బహుశా తప్పిపోయిన సీను ఒకటుంది. ఆ తార్పుడుగాడు ఐరిస్‌ని దగ్గరికి తీసుకుని, పాట పెట్టి, మెల్లగా అడుగులు వేస్తూ, నువ్వంటే నాకు ప్రాణం అన్నట్టు గొణుగుతాడు. ఆ గదిలో ట్రావిస్ లేడు. సినిమా అతని కళ్లను వదిలిపెట్టిన కొద్ది చోట్లలో అదొకటి. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకంటే ఆ పిల్ల నమ్ముతోంది. ఆమెను కట్టేసి ఉంచినది గొలుసు కాదు, ఈ మాటలు. ట్రావిస్‌కి ఇది తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అతని లెక్కలో బెట్సీ దేవత, ఐరిస్ దిక్కులేని పిల్ల, మధ్యలో మనిషి అనే గడి లేదు. బెట్సీ కాదనగానే దేవత కాస్తా మిగతావాళ్లందరిలాంటిదైపోతుంది. మీ మరిదికి ఈమధ్య ఎదురైన అనుభవం విన్నాక ఈ ముక్క మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక నా ముచ్చట. నేను దీన్ని మొదటిసారి చూసింది విజయవాడ గాంధీనగర్లో, ఒక లాడ్జి గదిలో, అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో. ఒక రాత్రి అద్దె కట్టాం కాబట్టి తెల్లారేలోగా మూడు క్యాసెట్లు చూసెయ్యాలి, ఇది మూడోది. నలుగురం. అద్దం ముందు నిలబడి ‘నాతోనేనా మాట్లాడుతున్నావ్?’ అనే సీను రాగానే ఈల వేశాను. మర్నాడు పాత బట్టల దుకాణంలో మిలటరీ రంగు జాకెట్ కోసం ఊరంతా తిరిగాను. ఆ ఎండలకి జాకెట్టు! కొన్నాను కూడా. మా అమ్మ దాన్ని స్కూటర్ తుడవడానికి వాడేసింది.

నలభై దాటాక మళ్లీ చూశాను. అదే సీను. ఈసారి ఆ డైలాగు తర్వాత వచ్చేది వినబడింది: ‘ఇక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను మరి.’ స్క్రిప్టులో అద్దం ముందు మాట్లాడుకుంటాడు అన్నట్టు మాత్రమే ఉండేదట, మాటలు డి నీరో అప్పటికప్పుడు అల్లుకున్నాడు. అందరూ మొదటి ముక్కే పట్టుకుని పోస్టర్లు వేసుకున్నారు. రెండో ముక్క నిజం. అక్కడ ఎవరూ లేరు. తిట్టేవాడు లేడు, కొట్టేవాడు లేడు. చొక్కా చేతిలో తుపాకీ దాచుకుని తన నీడనే బెదిరిస్తున్నాడు. ఇరవైల్లో ఈల వేసినచోట నలభైల్లో నాకు సిగ్గేసింది, వాడి మీద జాలీ వేసింది. అందుకే ఒక్కసారి చూసి మీ మరిది చెప్పిన మాటను నేను ఖాయం చేసుకోను. నాలుగుసార్లు చూసినా చేసుకోను.

ముగింపు మీద ఉన్న తగువు మీ ఇంట్లో పనికొస్తుంది. ఒక వర్గం ఏమంటుందంటే, కాల్పుల్లో తానూ గాయపడి కూలబడ్డ ట్రావిస్ ఆ సోఫా మీదే చచ్చిపోయాడు, ఆ తర్వాత వచ్చే పేపరు కత్తిరింపులు, ఐరిస్ తల్లిదండ్రుల ఉత్తరం, బెట్సీ వచ్చి టాక్సీ ఎక్కడం అంతా పోతూపోతూ కన్న కల అని. రాసినవాడూ తీసినవాడూ మాత్రం కల కాదనే చెప్పారు. అతను బతికాడు, నయం కాలేదు, మళ్లీ పేలతాడు. ఆఖర్న వెనకద్దంలో ఏదో చూసి ఉలిక్కిపడతాడు, ఒక వింత శబ్దం వస్తుంది, అద్దం సర్దుకుంటాడు. అక్కడ అయిపోతుంది. నాకు ఈ లెక్కే సరైనదనిపిస్తుంది. పొద్దున నాయకుణ్ణి కాల్చగలిగి ఉంటే హంతకుడు. అది కుదరక సాయంత్రం ఇంకొకణ్ణి కాల్చాడు కాబట్టి వీరుడు. అవే తుపాకులు, అదే మనిషి. ‘వాడొక్కడే మగాడు’ అంటున్న మీ మరిదిని, పొద్దున కాపలావాడు ఓ క్షణం ఆలస్యంగా చూసి ఉంటే కూడా మగాడేనా అని అడగొచ్చు. తగువు పెట్టుకోవడానికి కాదు, ఊరికే.

ఇక మీ భయం. 1981 మార్చి 30న అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిపిన జాన్ హింక్లీ ఈ సినిమాను మళ్లీమళ్లీ చూసి, జోడీ ఫాస్టర్ మీద పిచ్చి పెంచుకున్నవాడు. ఎవరో ఒకరు మీకు ఈ కథ చెప్పి హడలగొడతారు కాబట్టి నేనే ముందు చెబుతున్నాను. దానితోపాటు ఇంకొకటి కూడా వినండి. ట్రావిస్ పాత్రకి ఒక మూలం 1972లో జార్జ్ వాలెస్ అనే నాయకుణ్ణి కాల్చిన ఆర్థర్ బ్రెమర్. సినిమా కంటే మనిషే ముందు. లక్షలమంది చూశారు, నాలాగా జాకెట్లు కొనుక్కున్నారు, పెళ్లిళ్లు చేసుకుని ఈఎంఐలు కట్టుకుంటున్నారు. వాల్‌పేపర్‌ని చూసి మనిషిని లెక్కగట్టకండి.

రెండో మూలం ఎవరో తెలుసా? రాసినవాడే. ష్రేడర్ దీన్ని రాసేనాటికి అతనికీ ఇరవయ్యారే. కాపురం చెడింది, ఉండే చోటు లేదు, కారులోనే పడుకునేవాడు. కడుపులో పుండుతో ఆసుపత్రికి వెళ్లి అక్కడి నర్సుతో మాట్లాడుతుంటే తట్టిందట, వారాల తరబడి తాను ఎవరితోనూ మాట్లాడలేదని. ఊరి నిండా జనం, వాళ్ల మధ్య తిరిగే ఇనప పెట్టెలో ఒక్కడు. టాక్సీ అలా వచ్చింది. మీరు రాసిన ఉత్తరంలో నాకు సినిమాకంటే ముందు కనబడింది ఆ ‘నైట్ షిఫ్ట్’ అన్న మాటే. సాయంత్రం క్యాబ్ ఎక్కుతాడు, వేరే దేశంవాళ్ల ఫిర్యాదులు వింటాడు, తెల్లవారుజామున దిగుతాడు. మీరు లేచేసరికి అతను పడుకుని ఉంటాడు. హాట్‌బాక్సులో ఉన్నది తింటాడు, లేదా తినడు. ఇంట్లో నలుగురున్నారు గానీ అతను మెలకువగా ఉన్నప్పుడు ఎవరున్నారు? ట్రావిస్ రొట్టె ముక్కల మీద పాలు, బ్రాందీ పోసుకుని టీవీ ముందు కూర్చునే సీను ఉంటుంది. నాకు తుపాకుల సీన్లకంటే అదే ఎక్కువ దిగులు.

ఇంకో సీను మీవారి కోసం. ఒక రాత్రి టీ దుకాణం బయట, ఎర్ర దీపం వెలుగులో, ట్రావిస్ తనకంటే పెద్ద డ్రైవర్ని పక్కకి పిలుస్తాడు. అందరూ అతన్ని విజర్డ్ అంటారు, అనుభవజ్ఞుడని. తన బుర్రలో చెడ్డ ఆలోచనలు వస్తున్నాయని చెప్పడానికి ట్రావిస్ తంటాలు పడతాడు, మాట రాదు. విజర్డ్ చెడ్డవాడేం కాదు పాపం. మనిషికో పని, ఆ పనే మనిషి, వెళ్లి తాగు, అమ్మాయిలతో తిరుగు, అంతా సర్దుకుంటుంది అని కాసేపు వాయిస్తాడు. ఇంత చెత్త మాట నేనెప్పుడూ వినలేదంటాడు ట్రావిస్. సినిమా మొత్తంలో అతను సాయం అడిగింది ఆ ఒక్కసారే. మీవారు తమ్ముడితో ఈ సినిమా గురించి మాట్లాడబోతే ‘ఇది క్యారెక్టర్ స్టడీరా, నీకర్థం కాలేదు’ అని మొదలుపెట్టే ప్రమాదం ఉంది. వద్దని చెప్పండి. సినిమా చూడొద్దని కట్టడి చెయ్యడం, ఆ అమ్మాయి సంగతి గుచ్చి గుచ్చి అడగడం, పెళ్లిచేస్తే సర్దుకుంటాడని అత్తగారి చెవిన వేయడం, ఇవి కూడా వద్దు.

నిజంగా కంగారుపడాల్సినవి వేరే ఉన్నాయి. రోజుల తరబడి నిద్రలేకపోవడం, తనకో ఇంకొకరికో హాని చేసుకునే మాటలు, ఆ అమ్మాయి వెంట పడటం, ఆమె ఇంటి చుట్టూ తిరగడం, ఆయుధాల కోసం వెతకడం. వీటిలో ఏది కనబడినా ఆలస్యం చెయ్యకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. టెలి మానస్ అని ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది, నంబరు 14416. డబ్బులక్కర్లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. అతని తరఫున మీరు చేసినా సలహా ఇస్తారు. ఇవేవీ లేకపోతే అతనికి కావలసింది డాక్టరు కాదు, తోడు.

ఈ ఆదివారం ముగ్గురూ కలిసి వేరే టాక్సీ సినిమా చూడండి. ముజఫర్ అలీ 1978లో తీసిన ‘గమన్’ అనే హిందీ సినిమా. ఉత్తరప్రదేశ్ పల్లె నుంచి బొంబాయి వచ్చి టాక్సీ తోలే కుర్రాడిగా ఫారూఖ్ షేక్, ఊళ్లో ఎదురుచూసే భార్యగా స్మితా పాటిల్. అదే ఒంటరితనం, అదే రాత్రి దీపాలు, అదే స్టీరింగు. ఇతనికీ ఊరు అర్థం కాదు, కానీ ఎవరినీ కాల్చడు. ఎదురుచూసే మనిషి ఉండటం వల్లనా అంటే, ఉండీ వెళ్లలేకపోవడమే అతని బాధ. మగతనం సంగతి చర్చించుకోవాలనుకుంటే దీన్ని పక్కన పెట్టుకుని చర్చించుకోవచ్చు. మీరు లేచి వెళ్లాల్సిన సీనేం ఉండదు.

ఇంగ్లీషు సినిమాలో మాత్రం ఒక్క సీను మీరు చూడాలి, అరనిమిషం పైచిలుకు. నా కోసం కాదు, మరిది కోసం. బెట్సీ ఛీకొట్టాక ట్రావిస్ ఒక భవనం లోపల గోడకున్న ఫోన్ పట్టుకుని ఆమెతో మాట్లాడుతుంటాడు. ఒంట్లో బాలేదా, జ్వరమా, నేను పంపిన పూలు అందాయా, అందలేదా, పంపాను మరి. అవతలి మాట మనకి వినబడదు, అక్కర్లేదు కూడా. ఉన్నట్టుండి కెమెరా అతన్ని వదిలేసి కుడివైపుకి జరుగుతుంది. ఖాళీ కారిడార్. ఆ చివర తలుపు, తలుపు బయట వీధి. మనిషి కనబడడు, గొంతు మాత్రం వినిపిస్తూ ఉంటుంది. చూడలేక తల తిప్పుకున్నట్టు. సినిమా మొత్తంలో ముఖ్యమైన షాట్ ఇదేనని స్కోర్సేసీ చెప్పుకున్నాడు. నెత్తుటి సీన్లను కళ్లార్పకుండా చూసిన కెమెరా, ఒక అబ్బాయిని అమ్మాయి కాదంటుంటే మాత్రం చూడలేకపోయింది. తర్వాత తిరిగొచ్చిన ఆ పూలన్నీ గదిలో నేలమీద వాడి కుళ్లుతుంటాయి.

ఆ వాసన అతని గదిలోదే. మీ మరిది నాలుగుసార్లు చూశాడు కదా, ‘ఫోన్ దగ్గర కెమెరా ఎందుకు పక్కకి పోయిందిరా, నాకు అర్థం కాలేదు’ అని అడగండి. తెలియనట్టే అడగండి, తెలిసినవాళ్లు మీ ఇంట్లో ఒకరున్నారు చాలు. అతను సెలవు ఉన్న రోజు చూసి, వేడిగా వడ్డించాక, మీవారిని బజారుకి పంపించాక. వెంటనే చెప్పకపోవచ్చు. పప్పు కలుపుకుంటూ ‘ఏముంది వదినా, ఊరికే స్టైల్’ అనొచ్చు. పోపు పెట్టాలనో, బట్టలు ఆరెయ్యాలనో మీరు మాత్రం లేవకండి.